ముప్ఫై మూడా, ముప్ఫై ఎనిమిదా

బర్మింగ్‌హామ్‌లో ఓ బడి వంటగదిలో ఇరవై రెండేళ్ళుగా గరిటె తిప్పుతున్న ఐసిల్డాకి మూడు వందల మంది పిల్లల పేర్లు నోటికొచ్చు. ఎవరికి బఠాణీలు గిట్టవో కూడా చెప్పగలదు. అలాంటి మనిషి బ్రిటిష్ పౌరసత్వ పరీక్ష రెండుసార్లు తప్పింది! ఏం చెప్పమంటారు?

ఇక్కడి పాస్‌పోర్టు చేతికొస్తేనే పుట్టిన దేశం జమైకా వెళ్ళి అక్క వెర్నాని చూస్తానని ఆవిడ పంతం. పక్కింటావిడ ఊరెళ్ళి తిరిగొస్తుంటే, బ్రిటిష్ పాస్‌పోర్టు లేదని విమానాశ్రయంలో ఆపేశారు మరి. ఆ భయం ఐసిల్డాని వదల్లేదు. అక్క మొహం చూసి పదకొండేళ్ళయింది. ఈమధ్య అక్కకి చూపు మందగిస్తోంది కూడా.

చదివించే పని చర్చిలో తోటివాడు, రిటైరైన బస్సు డ్రైవరు ఎగ్‌బర్ట్ నెత్తిన వేసుకున్నాడు. ఆయనకి డామినోలు, అదే ఆ చుక్కల బిళ్ళల ఆట, ఆడందే మాట పెగలదు. శనివారం సూపు తాగాక బల్ల దగ్గర కూర్చుని, ఠపీమని ఓ బిళ్ళ కొట్టడం, ఓ ప్రశ్న వేయడం.

"బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం ఎప్పుడు రద్దయింది?"

"పద్దెనిమిది వందల ముప్ఫై ఎనిమిది."

"మళ్ళీ అదే! ముప్ఫై మూడని పుస్తకం మొత్తుకుంటోంది కదమ్మా."

"పుస్తకానికేం, ఎన్నయినా చెబుతుంది. ముప్ఫై మూడులో చట్టం రాసుకున్నారంతే. ఆ తర్వాత ఐదేళ్ళు మా ముత్తవ్వ వాళ్ళ అవ్వ అదే చెరుకుతోటలో, అదే దొరకి ఊరికే చాకిరీ చేసింది. నిజంగా విడుదలైన రోజు, ముప్ఫై ఎనిమిది ఆగస్టు ఒకటిన, మా ఊరి చర్చి గంట కొట్టింది ఆవిడే. నువ్వొచ్చి కొట్టావా బ్రదర్?"

"నేనూ జమైకావాణ్ణే, నాకు తెలీదా? అక్కని చూడాలనుందా లేదా, అది చెప్పు సిస్టర్!"

ఐసిల్డా బిళ్ళలన్నీ తోసేసి విసురుగా లేచిపోయింది. పాపం ఎగ్‌బర్ట్, చల్లారిన సూపు ముందేసుకుని కూర్చుండిపోయాడు.

మూడోసారి పరీక్షలో ఆ ప్రశ్న రానే వచ్చింది. తెరమీద ముప్ఫై మూడూ ఉంది, ముప్ఫై ఎనిమిదీ ఉంది. వేలు ఎనిమిది మీదికే పోయింది. అంతలో అక్క కళ్ళు గుర్తొచ్చాయి. 'మన్నించవ్వా' అనుకుని, ముప్ఫై మూడు నొక్కేసింది.

పాసైంది. బస్టాపులో నిలబడే అక్కకి ఫోను చేసింది.

"పాసయ్యానక్కా! కాగితాలు రాగానే, వచ్చే ఆగస్టుకి వచ్చేస్తా."

"మరి ఏడుస్తావేంటే పిచ్చిదానా?"

"ముప్ఫై మూడని పెట్టానక్కా."



"ఐదేళ్ళు అప్పనంగా ఇచ్చేశావన్నమాట వాళ్ళకి," అంది వెర్నా. "సర్లే, రా. ఆగస్టు ఒకటిన ఏటా కొట్టే ఆ చర్చి గంట తాడు ఈసారి నీ చేతికే ఇప్పిస్తా. కొట్టాల్సినవన్నీ కొట్టాక, ఆ ఐదేళ్ళకీ ఇంకో ఐదు గట్టిగా కొట్టు. నాకు కనబడకపోతేనేం, వినబడుతుందిగా."