బీన్స్ కుండలో తుప్పు

వెర్నా పెల్కీకి కోపం వస్తే అరవదు, ఇల్లు కడుగుతుంది. ఆ ఏప్రిల్‌లో పొయ్యిని పక్కకు జరిపి దాని వెనక గోడ కూడా తోముతుంటే, కుర్చీలో వాచిన కాళ్ళు చాపుకుని కూర్చున్న వాళ్ళక్క ఓడెట్‌కు విషయం అర్థమైపోయింది.

"ఎవర్ని చంపబోతున్నావే?"

"హార్లన్‌ని."

"సరే. ముందు నా టీ పెట్టి వెళ్ళు."

పగ పట్టడం వెర్నాకు కొత్తేమీ కాదు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఉత్తరాన ఉన్న ఆ కొండ ఊళ్ళో చలికాలమంతా తెల్లారకముందే లేచి, పికప్ ట్రక్కుకు ముందు వెడల్పాటి ఇనుప బ్లేడు కట్టుకుని, ఊరివాళ్ళ వాకిళ్ళలో మంచు తోసే పని ఆవిడది. తండ్రి దగ్గర నేర్చుకుంది. వయసులో ఉన్నప్పుడు ఆవిడను పెళ్ళాడతానన్నవాడొకడు, పెళ్ళయ్యాక ఈ మగరాయుడి పని మానెయ్యాలన్నాడు. మర్నాడు ఆవిడ వీధిలో మంచు మొత్తం తెచ్చి అతని గుమ్మానికి అడ్డంగా పోసి వచ్చింది. పాపం, అతను కిటికీలోంచి దూకి పనికి పోవలసి వచ్చింది. పెళ్ళి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

జనవరిలో పాత బండి చచ్చిపోతే, వెర్నా హార్లన్ క్రోకెట్ దగ్గర ఇంకో పాత పికప్ కొంది. ఊళ్ళో ఉన్నది హార్లన్ గ్యారేజీ ఒక్కటే. ఏడాదికోసారి ప్రతి బండినీ పరీక్షించి, క్షేమమని అద్దం మీద స్టిక్కర్ అంటించేదీ అతనే. పైగా చర్చి పెద్ద. మోకాలి లోతు మంచులో వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరే పిచ్చివాళ్ళు జనవరిలో ఎవరుంటారు? వెర్నా వంగి టార్చి వేసి చూసింది. అడుగంతా నల్లగా నిగనిగలాడుతోంది. రోడ్ల మీద చల్లే ఉప్పు ఇనుమును తినేయకుండా అక్కడివాళ్ళు చలికాలం ముందు బళ్ళ అడుగున నల్లటి పూత పూయిస్తారు. నలుపు కనిపిస్తే, శ్రద్ధగల మనిషి వాడిన బండి అని లెక్క. వెర్నా కూడా అలాగే అనుకుని మోసపోయింది.

మంచు కరిగి రోడ్లు బురదయ్యాక, అందరిలాగే ఆవిడా బండి అడుగున అంటిన ఉప్పు కడగడానికి పైపు పట్టుకుని కిందికి దూరింది. నీళ్ళ ధాటికి నలుపు ఉడికిన బంగాళాదుంప తొక్కలా ఊడి వచ్చింది. సుత్తితో బండి బరువు మోసే ఛాసిస్ మీద కొడితే గంటలా మోగాల్సిన ఇనుము అట్టపెట్టెలా చప్పుడు చేసింది. ఇంకో దెబ్బకు సుత్తి లోపలికి దిగిపోయింది. వేళ్ళు పెట్టి కెలికితే తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఆ వెనక కంతలు పూడ్చడానికి కొట్టిన గట్టిపడ్డ నురుగు, దాని మీద కోసి అతికించిన ఎర్ర కాఫీ డబ్బా రేకు. అలాంటి ఎర్ర డబ్బాల్లోనే హార్లన్ బోల్టులు దాచుకుంటాడు.

ఆ బండిలోనే ఆవిడ ప్రతివారం ఓడెట్‌ను ఎక్కించుకుని సాయర్ కొండ దిగి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఆ కొండ మలుపులో ఒక పక్క రాయి, ఇంకో పక్క ఏరు. అది తలుచుకున్న భయం కొంచెం సేపే ఉంది. తర్వాత వచ్చిన కోపం మాత్రం ఉండిపోయింది.

నేరుగా గ్యారేజీకి వెళ్ళి అడిగింది.

"ఉప్పు కదా వెర్నా," అన్నాడు హార్లన్ చేతులు తుడుచుకుంటూ. "జనవరిలో బాగానే ఉంది. ఈ చలికాలం తినేసుంటుంది. నీకూ వయసైంది, ఇంకెన్నాళ్ళు తోస్తావు? నీ వాకిళ్ళు మా అబ్బాయికి వదిలెయ్. అక్కని చూసుకుంటూ ఇంట్లో కూర్చో."

అప్పుడర్థమైంది వెర్నాకు, పుచ్చిన బండిని తనకెందుకు అంటగట్టాడో: అది మూలపడితే తన పని అతని కొడుకు చేతికొస్తుంది. ఆ వాకిళ్ళు పోతే ఆవిడకు మిగిలేది కుర్చీ, కిటికీ. తిన్నగా ఇంటికొచ్చి, పొయ్యి జరిపి గోడ కడిగింది.

శనివారం చర్చి హాల్లో ఊరందరికీ బీన్స్ గింజల భోజనాలు. ఎవరి కుండ వాళ్ళే తెస్తారు. ప్రార్థనయ్యాక హార్లన్ ఒక్కో మూత తీసి, వాసన చూసి, వండినావిడను పేరు పెట్టి మెచ్చుకోవాలి. అదంటే అతనికి మహా సరదా. వెర్నా కుండ మూత కూడా అలాగే నవ్వుతూ తీశాడు. లోపల నిండా తుప్పు పెచ్చులు, పైన ఎర్ర రేకు ముక్క.

"ఇదేంటి?"

"నువ్వు చేసిన వంటే. నేను కుండలో పెట్టి తెచ్చానంతే."

హాలంతా మెడలు సాచి చూసింది. హార్లన్ గొంతు సవరించుకున్నాడు. "ఈ ఊళ్ళో తుప్పు పట్టని బండి ఎవరికుంది? ఉప్పు మనిషిని చూసి తింటుందా?"

ఎవరో నవ్వారు. ఆ నవ్వుకు వెర్నా ఒళ్ళంతా మండింది. కానీ గొంతు పెంచలేదు.

"నిజమే. బండి బయటే ఉంది. నువ్వంటించిన స్టిక్కర్ కూడా అలాగే ఉంది. రా, సాయర్ కొండ దిగొద్దాం. నేను తోలతా. నువ్వు అక్క సీట్లో కూర్చో."

"భోజనం చల్లారిపోతుంది."

"వచ్చాక నేనే వేడి చేసి పెడతా."

"నీకేమన్నా పిచ్చా? ఆ బండి కొండ దిగుతుందా?"

అన్న తర్వాత గానీ అతనికి తెలిసిరాలేదు ఏమన్నాడో.

"చలికాలమంతా దిగింది హార్లన్," అంది ఓడెట్, కూర్చున్న చోటి నుంచే. "నేనూ ఉన్నా అందులో."

హార్లన్ భార్య ఇమోజీన్ మెల్లగా లేచింది. "నా కారుకి స్టిక్కర్ నువ్వే కదా అంటించావు?" అని అడిగింది. అతను కుండ వైపు చూశాడు. ఆవిడ తన కంచం పక్కనున్న ఫోర్కు తీసుకుని బయటికి నడిచింది.

ఆ వెనక ఇంకొకరు, ఆ వెనక అందరూ, తలో ఫోర్కు పట్టుకుని. మంచి బట్టలతోనే బురదలో వెల్లకిలా పడుకుని, ఎవరి బండి అడుగున వాళ్ళు గీకడం మొదలెట్టారు. ఆ చప్పుడు హాల్లోకి వినిపిస్తూనే ఉంది.

వెర్నా హార్లన్‌కు ఎదురుగా కుర్చీ లాక్కుని, ఇమోజీన్ కుండలోంచి బీన్స్ వడ్డించుకుంది. ఇన్నాళ్ళ తర్వాత ఆవిడకు ఆకలి వేసింది.

"కూర్చో హార్లన్. ఒక్కొక్కరూ వచ్చి చెప్తారు, ఎవరి బండి కింద ఏముందో. ఇద్దరం కలిసే విందాం."

అతను మూత పట్టుకుని నిలబడే ఉన్నాడు. తలుపు తెరుచుకుంది. ముందుగా వచ్చింది ఇమోజీన్. వీపంతా బురద. తిన్నగా వచ్చి ఫోర్కును మొగుడి కంచంలో పెట్టింది. దాని కొనకు చిన్న ఎర్ర రేకు ముక్క గుచ్చుకుని ఉంది.