తోడల్లుడి కారు జారలేదు

"ఏమయ్యా, నీ తోడల్లుని కారు జారకపోతే నీకు యాడ మండుతాండాది?"

అన్నం వడ్డిస్తూ పుష్పావతి, కారు జారలేదని గొణుగుతున్న మొగుణ్ణి అడిగిన మాట ఇది. మంట ఎక్కడో హనుమప్పకు బాగా తెలుసు.

హనుమప్పది సోమందేపల్లి. సొంత ట్రాక్టరు, దాని వెనక నీళ్ల ట్యాంకరు. ధర్మవరంలో మామ ఓబుళప్పకు, జిగురు పోయేలా పట్టునూలును సబ్బునీళ్లలో ఉడకబెట్టే షెడ్డు ఉంది. ఏళ్ల తరబడి ఆ ఇంట్లో మొదటి విస్తరి పెద్దల్లుడు హనుమప్పకే పడేది. తర్వాత చిన్నల్లుడిగా బసవరాజు వచ్చాడు. ఈర్ష్య పాపమని నీతులు చెప్పేవాళ్లకు తోడల్లుడు ఉండి ఉండడు. ఇద్దరు మగవాళ్లను ఒకే గుమ్మంలో నిలబెట్టి బతికున్నంతకాలం తూకం వేసే ఏర్పాటు అది.

హిందూపురంలో టాక్సీ తోలుకునే బసవరాజుకు పెనుకొండ దగ్గర ఒక చిన్న కంపెనీలో టెస్టు డ్రైవరు పని దొరికింది. టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ ఎంత ఉందో కారే అంచనా వేసుకునే ఏర్పాటును ఆ కంపెనీ తయారు చేస్తోంది. కారు వెళ్తున్న వేగం కంటే చక్రం కాస్త ఎక్కువ తిరిగితే గ్రిప్పు తగ్గినట్టు. ఆ తేడాను పసిగట్టి, బండి అదుపు తప్పకముందే వేగం తగ్గించాలి. ఇందుకోసం కంపెనీ టెస్టు ట్రాకులో ఒక పక్క రోడ్డు తడిపి, మరో పక్క పొడిగా ఉంచి కారు నడిపేవారు. తడిపే పని హనుమప్పకు వచ్చింది. ఇప్పించింది బసవరాజే. హనుమప్పకు అదే ఇంకా కష్టం.

ధర్మవరంలో ఓబుళప్ప షెడ్డుకొచ్చిన వాళ్లందరికీ ఒకటే కథ. "మా బసవని కారు రోడ్డును చూసి నడుచుకుంటాదంట!"

"మరి పెద్దల్లుడు ఏం చేస్తాడప్పా?"

"వాడా? రోడ్డు తడుపుతాడు."

నూలు ఉడికించిన సబ్బునీళ్లను ఊరి బయట పారబోసేది కూడా హనుమప్ప ట్యాంకరే. ఆ తర్వాత ట్యాంకరు శుభ్రంగా కడిగాకే మంచినీళ్లు పట్టాలి. ఒకరోజు ఆయన సబ్బునీళ్లు సగమే పారబోసి, మిగిలినవాటి మీద బోరు నీళ్లు పట్టాడు. మరిచిపోయాడని రాస్తే మర్యాదగా ఉంటుంది, కానీ మరవలేదు. కారు గిర్రున తిరగాలి, బసవరాజు ముఖం పాలిపోయి దిగాలి, ఆ సంగతి ధర్మవరం చేరాలి. ట్రాకు చుట్టూ ఖాళీ మైదానమే కాబట్టి ప్రాణానికేం కాదని తనకు తానే చెప్పుకున్నాడు.

రోడ్డు తడిపి పక్కన నిలబడ్డాడు. కారు వచ్చింది. ఎడమ చక్రాలు తడి మీదికి ఎక్కగానే ముందు భాగం కాస్త ఊగింది. అంతే. ఇంజను జోరు దానంతటదే తగ్గింది. కారు గీత గీసినట్టు నేరుగా వెళ్లి ఆగింది.

లాప్‌టాప్ ముందున్న ఇంజనీరు భారతి గంతేసింది. "తడి రోడ్డుకు ఎప్పుడూ వచ్చే గ్రిప్పు లెక్కలో సగం కూడా లేదు! ఇంత జారే రోడ్డు కోసం ఎన్నాళ్లుగానో చూస్తున్నాం. బసవరాజన్నా, స్టీరింగ్ భలే పట్టుకున్నారు!"

అందరూ చప్పట్లు కొట్టారు. బసవరాజు సిగ్గుపడుతూ నవ్వాడు. నోరు మూసుకుని ఉంటే హనుమప్ప గట్టెక్కేవాడు. కానీ ఆ చప్పట్లు భరించడం ఆయన వల్ల కాలేదు.

"స్టీరింగుదేముండాది? ఆ నీళ్లు నావి! మా మామ షెడ్డు సబ్బునీళ్లు. నేను తెచ్చినందుకే మీకు జారే రోడ్డు దొరికింది!"

చప్పట్లు ఆగిపోయాయి.

"డ్రైవరుకు చెప్పే పోశారా?" అంది భారతి.

హనుమప్ప ట్యాంకరు పైపు చుట్టసాగాడు. బసవరాజు ఆయన దగ్గరికి వచ్చాడు. "నేను లోపల ఉండానని తెలిసే పోసినావాన్నా?"

"నీకేం కాలేదు కదప్పా."

"అదే కదా నీ బాధ."

హనుమప్పకు ఆ పని అక్కడితో పోయింది. సబ్బు పోయేదాకా ట్రాకు కడగాలి, ఖర్చు హనుమప్పదే అన్నారు కంపెనీవాళ్లు. ఆయన ట్యాంకరును మాత్రం గేటు లోపలికి రానివ్వలేదు. పెనుకొండ నుంచి వేరే ట్యాంకర్లు వచ్చాయి. హనుమప్ప జేబులు తడుముకుంటుంటే బసవరాజు ఫోను తీసి డబ్బు కట్టేశాడు.

బసవరాజు ఈ సంగతి ధర్మవరంలో ఎవరికీ చెప్పలేదు కూడా. చెప్పి ఉంటే హనుమప్ప నాలుగు తిట్లు తిని తేలికపడేవాడు. చెప్పకపోవడాన్ని మాత్రం ఆయన క్షమించలేకపోయాడు. ఇప్పటికీ మామ ఇంట్లో విందు అంటే ఏదో పని కల్పించుకుని ఆలస్యంగా వెళ్తాడు.

ట్రాకు కడిగిన ట్యాంకర్లకు అయినది పద్దెనిమిది వందలు. హనుమప్ప ఆ డబ్బు తోడల్లుడికి ఇంకా ఇవ్వలేదు.