ఆమె చుట్టిన కాయిల్

పార్కులో గడ్డి కోసే ఎర్ర ట్రాక్టరు మళ్లీ మొరాయించిందని తెలిసిన రోజు, మీటరక్క అద్దం ముందు నిలబడి శ్రద్ధగా తల దువ్వుకుంది.

"ఎవరింటికి పెళ్లికి?" అన్నాడు భర్త, కుట్టుమిషన్ మీద నుంచి తలెత్తి.

"మా తమ్ముడి షాపుకి."

"పదకొండు నెలలైంది. నీ కోపానికి బ్యాటరీ కూడా అక్కర్లేదా?"

"అక్కర్లేదు. వాణ్ని తలుచుకుంటే చాలు," అని జడ ముడేసుకుంది.

మీటరక్క అని పేరు పెట్టింది వీధిలోని వాళ్లే. ముల్లున్న పాత మీటరొకటి ఎప్పుడూ ఆమె చంకలో ఉండేది. పన్నెండో ఏట తండ్రి రిపేరు షాపులో ఓ మూల కూర్చుని రాగితీగ చుట్టడం నేర్చుకుంది. తీగ వేళ్ల మధ్య నుంచి జారుతుంటే, ఎండలో ఆరేసిన వాన లాగా ఉండేది ఆమెకి. చుట్లు లెక్కపెట్టేటప్పుడు పెదాలు కదిలేవి కానీ మాట బయటికొచ్చేది కాదు. తమ్ముడు వెనక నుంచి వచ్చి "నలభై! పదిహేడు! తొంభైమూడు!" అని చెవిలో అరిచేవాడు. ఆమె లెక్క ఒక్కనాడూ తప్పలేదు.

తండ్రి పోయాక షాపు ఇద్దరిదీ అయింది. లోపలి పని అక్కది, బయటి మాట తమ్ముడిది. తమ్ముడికి రంగుల పిచ్చి. షాపులోకి ఏ బండి వచ్చినా, తోట మోటారైనా, నీళ్ల పంపైనా, కొత్త పెళ్లికూతురిలా మెరుస్తూ బయటికి వెళ్లాల్సిందే. "లోపల నువ్వు ఏం చేశావో ఎవడికి కనిపిస్తుంది అక్కా? రంగే కనిపిస్తుంది," అనేవాడు. జనానికీ అది నచ్చింది. రిపేరుకిచ్చిన బండి కొత్తదై వస్తుంటే ఎవరికి చేదు?

ఆ ట్రాక్టరు ఆమె పెళ్లికంటే ముందుది. పదకొండు నెలల క్రితం ఛార్జింగ్ లేక షాపుకొచ్చింది. మూత విప్పితే, కరెంటు పుట్టించే రాగి కాయిల్ మాడి బొగ్గైపోయింది. ఆమె రెండు రోజులు కూర్చుని కొత్తది చుట్టి బిగించింది. ఇంజన్ నడిపి చూస్తే మీటరు ముల్లు పద్నాలుగు వోల్టుల మీదకొచ్చి పిట్టలా నిలిచింది. తృప్తిగా ఇంటికెళ్లింది. మర్నాడు తమ్ముడు మిగతా సామానంతా విప్పి, ఎర్రరంగు రెండు పూతలు వేసి, మళ్లీ బిగించి పంపాడు.

రెండు వారాలకి బ్యాటరీ చచ్చింది. పార్కు పెద్దమాలి ట్రాక్టరు తోయించుకుంటూ వచ్చి షాపు ముందు నిలబడ్డాడు. అప్పుడు తమ్ముడు, పక్కషాపు వెల్డరూ నలుగురు గిరాకీలూ వింటుండగా అన్నాడు:

"ఏమనుకోకండి. మా అక్కకి చేతులు వణుకుతున్నాయి. వయసు కదా, కాయిల్ సరిగా చుట్టలేకపోయింది. నేను కొత్తది వేయిస్తాను."

లోపల ఆమె విన్నది. రెండు చేతులూ ముందుకు చాపి చూసుకుంది. గాలిలేని చోట ఆకుల్లా కదలకుండా ఉన్నాయి. మీటరు తీసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా, వాళ్లందరి మధ్య నుంచి నడిచి వెళ్లిపోయింది.

ఆ తర్వాత మాట ఊరంతా తిరిగింది. ఆమె ఇంటి మెట్ల కింద గదిలో బల్ల వేసుకుంది కానీ, కాయిల్ చుట్టించుకోవడానికి ఎవరూ రాలేదు. వణికే చేతులకి రాగితీగ ఎవరిస్తారు? ఫ్యాన్లకి నూనె వెయ్యడం, స్విచ్చులు మార్చడం, అంతే. ఒళ్లో ఖాళీగా ఉన్న చేతుల్ని చూసుకుంటూ ఆ ట్రాక్టరుని మనసులోనే భాగం తర్వాత భాగం విప్పేది. అన్నీ తీసేయగా రెండే మిగిలేవి: వాడేదో పాడు చేశాడు, లేదా తనే ఎక్కడో చుట్టు తప్పింది. రెండోది నిజమైతే వాడన్నదీ నిజమే. ఆ ఆలోచన దగ్గరికి రాగానే ఆమె విప్పడం ఆపేసి, మళ్లీ మొదటి బోల్టు నుంచి మొదలుపెట్టేది. దాంతో పగ ఇంకా గట్టిపడేది.

ఆమె తల దువ్వుకున్న ఆ రోజు ఉదయం పెద్దమాలి మెట్ల కింద గదికి వంగి వచ్చాడు.

"నాలుగో బ్యాటరీ అమ్మా. కొత్త కాయిల్ వేశానన్నాడు మీవాడు. అయినా అంతే. గడ్డి మోకాళ్ల దాకా పెరిగింది. పిల్లలు బంతి వేస్తే దొరకట్లేదు."

"చూస్తాను. కానీ ఇక్కడ కాదు. వాడి షాపు ముందు చూస్తాను."

"పంతమా?"

"అవును."

పెద్దమాలి ఆమె ముఖంలోకి చూసి, "సరే, తోయించుకు వస్తా," అన్నాడు.

మధ్యాహ్నం ఎండ వీధిని కడిగి ఆరేసినట్టుంది. ట్రాక్టరు తోయించుకొచ్చిన పెద్దమాలి పక్కన ఆమెను చూడగానే తమ్ముడి నవ్వు సగంలో ఆగింది.

"రా అక్కా. కూర్చో."

"కూర్చోవడానికి రాలేదు. ఇదుగో మీటరు. నువ్వే పట్టుకో, నువ్వే చదువు. నా చేతులు వణుకుతాయి కదా."

వెల్డరు ముఖం మీది అద్దం పైకెత్తి గడపలోకి వచ్చాడు. ఎవరూ పిలవకుండానే మరో ముగ్గురు చేరారు.

షాపులోని నిండు బ్యాటరీ ఒకటి వేయించి, ఇంజన్ ఆపి ఉండగా మీటరు తీగలు దానికి పెట్టించింది.

"ఎంత?"

"పన్నెండున్నర."

"ఇప్పుడు స్టార్ట్ చెయ్యి. వేగం పెంచు. ఎంత?"

"పన్నెండున్నరే."

"ఎంతుండాలి?"

"పద్నాలుగు."

"నాకు కాదు, పెద్దాయనకి చెప్పు."

"పద్నాలుగుండాలండీ," అన్నాడు నేలచూపు చూస్తూ. చిన్నప్పుడు పలక మీద తప్పు రాసి నిలబడ్డవాడిలా ఉన్నాడు. ఆమెకి జాలి వేయలేదు. వేస్తుందేమోనని ఒక క్షణం ఎదురుచూసింది, రాలేదు.

ఫ్యూజు చూపించింది, బాగుంది. వైర్లు లాగి చూపించింది, ఎక్కడా తెగలేదు. తర్వాత కాయిల్ నుంచి వచ్చే రెండు తీగల్ని ఊడదీసి మీటరుకి కలపమంది. పదకొండు నెలలుగా తన గురించి తనే అడుగుతున్న ప్రశ్నకి ఇదే జవాబు చెప్పే చోటు. కానీ లోపలున్నది వాడు వేయించిన కాయిల్ అయితే, తన కాయిల్ సంగతి ఎప్పటికీ తేలదు.

"ఎంత?"

"ఇరవైఎనిమిది."

"అంటే?"

"బ్యాటరీకి చేరకముందు అంతే రావాలి. కాయిల్ బాగుంది."

"నువ్వు వేయించిన కొత్త కాయిల్."

తమ్ముడు మీటరు వైరుని వేలికి చుట్టుకుంటున్నాడు. ఆ వేలు చూసింది ఆమె. చిన్నప్పుడు అబద్ధం ఆడినప్పుడు చొక్కా అంచుని అలాగే చుట్టుకునేవాడు.

"ఇంజన్ ఆపి, కాయిల్ మీది చక్రం విప్పు."

"ఎందుకక్కా? బాగుందని తేలిందిగా."

"విప్పు."

"అరగంట పడుతుంది."

"పదకొండు నెలలు ఆగినదాన్ని."

వెల్డరు కిసుక్కున నవ్వాడు. తమ్ముడు చెమటలు కక్కుతూ అయస్కాంతాల చక్రం విప్పాడు. లోపల రాగి చుట్లు, వార్నిష్ కింద తేనెరంగులో నిద్రపోతున్నట్టున్నాయి. తీగ చివర్లు కట్టిన చోట ఆకుపచ్చ దారం. ఎవరూ ఏమీ అనకముందే ఆమెకి అర్థమైంది. స్కూలు యూనిఫాంలు కుట్టగా భర్త దగ్గర మిగిలిన దారం అది. ఆ ముడి తనది. ఒక్క చుట్టు కూడా తప్పలేదు.

"ఇదేనా కొత్తది?" అన్నాడు పెద్దమాలి నెమ్మదిగా.

"ఇది నేను చుట్టింది," అందామె. "విప్పి చూసే ఓపిక కూడా లేదు వీడికి. మార్చానని చెప్పి మీకు రంగు చూపించాడు."

"అయితే జబ్బెక్కడ?"

చక్రం తిరిగి బిగించాక చూపించింది. కాయిల్ నుంచి వచ్చే కరెంటు ఊయలలా ముందుకీ వెనక్కీ ఊగుతూ వస్తుంది. దాన్ని తిన్నగా చేసి బ్యాటరీకి పంపేది రెగ్యులేటరనే చిన్న పెట్టె. ఆ పెట్టె ఒళ్లు ఇంజన్ ఇనుముకి నేరుగా తగలాలి, లేకపోతే కరెంటుకి దారి పూర్తికాదు. ఆమె ఒక వైరు ముక్క తీసి, ఒక కొన పెట్టెకి, రెండో కొన బ్యాటరీ మైనస్‌కి తగిలించి పట్టుకుంది.

"స్టార్ట్ చేసి చదువు."

ముల్లు లేచింది. లేచి నిలిచింది.

"పద్నాలుగు," అన్నాడు తమ్ముడు. ఆ మాట వాడి నోట్లోంచి పన్ను ఊడినట్టు వచ్చింది.

"ఆ పెట్టె కిందా, బోల్టుల కిందా ఏముంది?"

"రంగు."

"ఎన్ని పూతలు?"

"రెండు."

"ఎవరు వేశారు?"

జవాబు కోసం ఆగకుండా ఆమె ఇంజన్ ఆపి పెట్టె విప్పించింది. దాని కింద ఎర్రరంగు అద్దంలా మెరుస్తోంది, ఎంత నున్నగా వేశాడో. గరుకు కాగితం చేతికిచ్చింది. వీధి చూస్తుండగా వాడు తన రంగుని తనే గీకాడు. ఎర్రటి పొడి వేళ్లకీ చొక్కాకీ అంటుకుంది. కాసేపటికి ఇనుము తెల్లగా బయటపడింది. "ఆ మూల మిగిలింది," అందామె. మళ్లీ గీకాడు. బోల్టులు బిగించి స్టార్ట్ చేస్తే, వైరు ముక్క లేకుండానే ముల్లు పద్నాలుగుకి వచ్చింది.

"బాగైంది కదా అక్కా. ఇక చాలు," అన్నాడు.

"ఆ రోజు వీళ్లందరి ముందు నా చేతుల గురించి ఒక మాటన్నావు. ఇప్పుడు నిజమేదో వీళ్లందరి ముందు చెప్పు."

వాడేదో గొణిగాడు. ఆమె చెయ్యి చాపి ఇంజన్ వేగం పెంచింది. ట్రాక్టరు గర్జించింది.

"వినపడట్లేదు!"

"తప్పు నాదే అక్కా!"

ఇంకా పెంచింది. షాపు రేకులు అదిరాయి. "వినపడట్లేదురా!"

తమ్ముడి మెడనరాలు పొంగాయి. గొంతు చించుకుని అరిచాడు: "మా అక్క చేతులు వణకలేదు! కాయిల్ బాగుంది! నేనే అబద్ధం చెప్పాను!"

"అబద్ధం" అనే మాట సగంలో ఉండగా ఆమె తాళం తిప్పేసింది. ఇంజన్ ఠక్కున ఆగింది. వాడి అరుపు ఒక్కటే ఒంటరిగా వీధి చివరిదాకా వెళ్లింది. మిద్దెల మీద బట్టలు ఆరేస్తున్నవాళ్లు వంగి చూశారు. సైకిలు మీద వెళ్తున్నవాడు కాలు కిందపెట్టి ఆగాడు. పెద్దమాలి గొంతు సవరించుకున్నాడు. ఆ నిశ్శబ్దం ఆమె ఒంట్లోకి ఎండాకాలపు చల్లనీళ్లలా దిగింది.

తమ్ముడు రొప్పుతూ, ఎర్రటి పొడి అంటిన చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "విన్నావుగా?" అన్నాడు చిన్నగా.

ఆమె ప్రతి అక్షరం విన్నది.

"లేదు," అంది. "ఇంకోసారి."