పెద్దబాపు వేసిన చెరుకు

గత వారం మా పెద్దబాపు చనిపోయాడు. ముంబైలో మా ఆఫీసు మీటింగులకు ఫోన్లు బయటే పెట్టి వెళ్లాలి. తిరిగి వచ్చి చూసుకుంటే తమ్ముడి మిస్డ్ కాల్స్ వరుసగా ఉన్నాయి. "పెద్దబాపు లేడక్కా" అన్నాడు. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడట. ఉట్టి గుండేనా అని నేనెవరిని అడగాలి?

మా నాన్నకు అన్న ఆయన. రెంజల్ దగ్గర మా ఊళ్లో చెరుకు పండించేవాడు. హైదరాబాద్‌లో ఒక చిన్న ఇన్వెస్ట్‌మెంట్ సంస్థలో నిమ్మళంగా ఉన్న నాకు, ముంబైలోని పెద్ద బ్యాంకు నుంచి జూనియర్ అనలిస్టుగా పిలుపొచ్చింది. ఇంట్లో అందరూ జీతమెంత అన్నారు. ఆయన మాత్రం "గక్కడ అన్నం టైముకు తిననిస్తరా బిడ్డా?" అని అడిగాడు. తిననివ్వరని చేరాక తెలిసింది. ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

నేను బ్యాంకులో చేరాననగానే ఊళ్లోవాళ్లు పంట రుణం కోసం పాస్‌బుక్కులు పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చేవారు. "గిది అప్పులిచ్చే బ్యాంకు గాదురా, కంపెనీలకు కంపెనీలకు పెండ్లిళ్లు జేసే బ్యాంకు" అని చాయ్ తాగించి పంపేవాడు. నా ఉద్యోగం గురించి అంత సులువుగా నేను కూడా ఎవరికీ చెప్పలేకపోయాను.

ఆ పెండ్లిళ్లలో ఒకటి మా చేను మీదికే వచ్చింది. బోధన్ చక్కెర మిల్లు మూతపడ్డాక మా ఊరి చెరుకు రాష్ట్ర సరిహద్దు అవతల ఒక చిన్న ఫ్యాక్టరీకి వెళ్లేది. దాని అమ్మకం పని నా టేబుల్ మీద పడింది. కొనేవాళ్లకు కావలసింది జాగా. చెరుకు ఆడించే ఉద్దేశం వాళ్లకు లేదు. ప్రకటన వచ్చేదాకా ఇంట్లోవాళ్ల దగ్గర కూడా నోరు విప్పకూడదు. విప్పితే ఉద్యోగం పోతుంది, పైగా కేసు.

ఆ రోజుల్లోనే ఊరికి వెళ్లాను. పెద్దబాపు అరుగు మీద కూర్చుని నాటడానికి చెరుకు గడల్ని ముక్కలుగా నరికి ముచ్చెలు కొడుతున్నాడు. చుట్టూ నలుగురు రైతులు.

"బిడ్డా, పెద్ద బ్యాంకుల ఉంటివి గదా, ఫ్యాక్టరీ నడుస్తదా?" అన్నాడు ఒకాయన.

"దాన్నెందుకు అడుగుతవ్? దాని నౌకరి దానిది" అని పెద్దబాపు కసిరాడు.

వాళ్లు వెళ్లాక ఆగలేకపోయాను. "పెద్దబాపూ, ఈ యేడు..." అన్నాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"సెప్పకు. సంబంధం కుదిరేదాక ముచ్చట బయట వెట్టరు, నాకెర్కలేదా? నువ్వు సెప్తే నేను చెర్కు వెయ్య. వెయ్యకుంటె ఊరంత సూస్తది. నీ నోట్లె మాట నా చేన్ల కనవడ్తది బిడ్డా."

నా కళ్లలో నీళ్లు చూశాడు. చూసి కూడా కత్తి అందుకుని మళ్లీ ముచ్చెలు కొట్టాడు. తెల్లారి నాటించాడు.

ఫ్యాక్టరీ మూతపడింది. దూరపు ఫ్యాక్టరీలు మా వైపు చెరుకు వద్దన్నాయి. ఏటా ఫ్యాక్టరీయే పంపే, చెరుకు నరికే మరాఠీ కూలీల బండ్లు రాలేదు. నేను ఫోన్ చేస్తే పెద్దబాపు "మంచిగ ఎదిగింది" అనేవాడు, వెంటనే అన్నం తిన్నావా అని మాట మార్చేవాడు. ఆ ఫ్యాక్టరీ అమ్మకం పని బాగా చేశానని ఆఫీసులో నన్ను మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఇప్పటికీ మింగుడు పడడం లేదు.

ఆయన్ని చూసి చెరుకు వేసినవాళ్లే పాడె మోశారు. నన్ను ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

పాడె మా చేను గట్టు మీదుగా వెళ్లింది. కోయని చెరుకు పూతకొచ్చి, తెల్లటి కుచ్చులు మోసేవాళ్ల తలల కంటే ఎత్తున ఊగుతున్నాయి. చెరుకు పూయడం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. ఆయన ఏనాడూ అంతదాకా ఉండనివ్వలేదు.