మే నెలలో ఫుల్‌హ్యాండ్స్ చొక్కా

మునిరామయ్యకు ఏ వస్తువు చూపించినా నోటివెంట వచ్చే ప్రశ్న ఒక్కటే: "నువ్వు దీన్ని తింటావా?"

దోసె చూపించి అడిగితే ఎవరికీ బాధ లేదు. ఆయన సబ్బు చూపించి అడుగుతాడు. పౌడరు, షాంపూ, తలకు వేసుకునే రంగు, చంకల్లో కొట్టుకునే సెంటు, ఏదైనా సరే. "తినను" అన్నారా, ఆ పూటకు మీ పని అయిపోయినట్టే.

"తినలేనిదాన్ని ఒంటికి ఎందుకప్పా పూసేది? సర్మం గూడా నోరే. రొంత నిదానంగా తింటాది, అంతే!"

ఆయన ఆర్టీసీలో చెకింగ్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. పుత్తూరు రూట్లో ఆయన బస్సెక్కితే టికెట్టు ఉన్నవాళ్ళు కూడా జేబులు తడుముకునేవాళ్ళు. ఉద్యోగం పోయింది గానీ చెకింగు పోలేదు. ఇప్పుడు మనిషి ఒళ్ళే ఆయనకు బస్సు. నాలుక ఒప్పుకోని సరుకు టికెట్టు లేని ప్రయాణికుడు, ఉన్నచోటే దించెయ్యాలి.

ఇలాంటి మనిషికి దేవుడు ఏరికోరి ఫ్యాన్సీ స్టోరు ఉన్న అల్లుణ్ణి ఇచ్చాడు. అతని పేరు భానుచందర్. కొట్టు తిరుపతిలో గంగమ్మ గుడికి పోయే దారిలో ఉంది. బొట్టుబిళ్ళల నుంచి గోళ్ళ రంగు దాకా దొరకనిది లేదు. పగలంతా కష్టపడి పెంచుకున్న బేరాన్ని, సాయంత్రం మామగారు వచ్చి స్టూలు మీద కూర్చుని ఊదేసేవాడు.

ఒకరోజు పక్కవీధి ఆదిలక్ష్మమ్మ వచ్చి మొహం తెల్లబడే క్రీము అడిగింది. భానుచందర్ ఇచ్చేలోపు మునిరామయ్య డబ్బా అందుకున్నాడు. మూత తీసి వాసన చూశాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, చీమల్లాంటి అక్షరాలు చదవబోయి, ఓడిపోయి, డబ్బా ఆవిడ ముందు పెట్టాడు.

"అమ్మా, రొంత నాకి సూడు."

"ఏందన్నా, క్రీము నాకేదేంది?"

"నాకవు గదా! మరి మూతి సుట్టూ పూసుకుంటావే, సెమటకు కరిగి నోట్లోకి పోదా? ఇంటికి పోయి శెనగపిండీ పెరుగూ పూసుకో. మిగిలితే బజ్జీలేసుకో."

ఆదిలక్ష్మమ్మ క్రీము అక్కడే వదిలేసి, ఎదురుగా ఉన్న కిరాణాకొట్లో శెనగపిండి కొనుక్కుని వెళ్ళిపోయింది.

"మామా, మీరు నాకు మామా, ఆ కిరాణాకొట్టుకు ఏజెంటా?" అన్నాడు భానుచందర్.

"నీ కొట్లో గూడా శెనగపిండి పెట్టప్పా, ఎవరొద్దన్నారు?"

పోనీ ఈ వీరంగం ఒంటికి పూసుకునేవాటి మీదేనా అంటే, కాదు. గంగాధరం తోపుడుబండి మీద మామిడిపండ్లు తొడిమ దాకా పసుపు పూసినట్టు నిగనిగలాడుతున్నాయి. మునిరామయ్య ఒక పండు పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

"గంగాధరం, నువ్వు దీన్ని తింటావా?"

గంగాధరం పరధ్యానంలో నిజం చెప్పేశాడు. "నేనా? మా ఇంటికి గడ్డిలో మాగేసినవి తెచ్చుకుంటా సామీ. ఇవి కార్బైడువి."

బండి చుట్టూ ఉన్న బేరమంతా నవ్వుకుంటూ చెదిరిపోయింది. గంగాధరం నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. మరుసటి వారం అదే బండి మీద పండ్ల కింద గడ్డి కనిపించింది. పక్కన అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో "నేనూ తింటాను" అని రాసి ఉంది.

ఇంత పేరు మోసిన నాలుక ఒకే ఒక్కసారి ఓడిపోయింది. అదీ సొంత మనవరాలి దగ్గర.

భానుచందర్ కూతురు మహితకు అంతకుముందు పెద్ద జ్వరం వచ్చి తగ్గింది. మునిరామయ్య భార్య నాగరత్నమ్మ అప్పుడే మొక్కేసుకుంది, పిల్ల లేచి తిరిగితే గంగజాతరలో బండ వేషం కట్టిస్తానని. ఆ వేషానికి ఒళ్ళంతా ఎర్రగా పూసుకుని, వేపాకు పట్టుకుని, ఎదురొచ్చినవాళ్ళను నోరారా తిట్టుకుంటూ గుడికి పోవాలి. వేషంలో ఉన్నవాళ్ళు ఎంత తిట్టినా ఎవరికీ కోపం రాకూడదు. ఎర్రరంగు లేకపోతే మాత్రం ఆ వేషమే లేదు.

భానుచందర్ కొట్లోంచి రంగు ప్యాకెట్టు తెచ్చాడు.

"నువ్వు దీన్ని తింటావా?"

"తినను మామా."

ప్యాకెట్టు కిటికీలోంచి బయటికి ఎగిరింది. మునిరామయ్య తన చేతులతో తానే పసుపులో సున్నం కలిపాడు. రంగు ఎర్రగా, చూడముచ్చటగా తేలింది. కొంచెం నాలుకకు రాసుకున్నాడు. "వక్కాకులో దినామూ తినే సున్నమే గదా! టికెట్టుండాది, ఎక్కించు!" అన్నాడు.

సున్నం ఎక్కువైంది. గుడి ఇంకా సగం దూరం ఉండగానే, మండుటెండలో పిల్ల బుగ్గలు మండి, పొక్కి, ఏడుపు అందుకుంది. కొళాయి కింద మొహం కడిగి డాక్టరు దగ్గరికి ఎత్తుకుని పరిగెత్తారు. మొక్కు దారిలోనే ఆగిపోయింది.

ఆ కోపంలో భానుచందర్ ఒక మాట అన్నాడు. "మిరపకాయ గూడా తింటారు గదా మామా, మొహానికి పూస్తారా?"

బుగ్గల మీద మచ్చలు పోయేదాకా మునిరామయ్య రోజూ వచ్చి, పిల్లకు కొబ్బరినూనె రాసి, తలొంచుకుని వెళ్ళేవాడు. అన్న మాట భానుచందర్‌ను లోపల గుచ్చుతూనే ఉంది గానీ, వెనక్కి తీసుకునే సందు దొరకలేదు.

ఆ తర్వాతే ఆ చొక్కా మొదలైంది. బనియన్ కూడా బరువే అనే మనిషి, ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడిగి మణికట్టు దగ్గర గుండీ పెట్టుకుని తిరగసాగాడు. తిరుపతి ఎండలకు రోడ్డు మీద తారు కరుగుతున్నా ఆ గుండీ ఊడదు. వీధి ఊరుకుంటుందా? చేతి మీద పాత ప్రేమ తాలూకు పచ్చబొట్టు ఉందని కొందరన్నారు. ఒకరోజు చొక్కా చేతికి ఎర్రమరక కనబడేసరికి, ముసలాయన ఎర్రచందనం స్మగ్లింగులో దిగాడని మిగతావాళ్ళు తేల్చేశారు.

నాగరత్నమ్మ దిగులు వేరు.

"అల్లుడా, మీ మామకు ఎండదెబ్బ తగిలినట్టుండాది. నిద్రపోయేటప్పుడు గూడా ఆ సొక్కా ఇప్పడు. మిట్టమద్యాన్నం మిద్దెక్కి కూర్చుంటాడు. ఏంజేస్తా ఉండావయ్యా అంటే, వడియాలకు కాపలా అంటాడు. ఈ ఏడు నేను వడియాలే పెట్టలేదే!"

అంతటితో ఆగక, అద్దాల బీరువాలోంచి ఎర్రచందనం రాజారాణి బొమ్మలు తీసి చూపించింది. ఆవిడ పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టినవి. రాణి నిండుగా ఉంది. రాజు మోకాళ్ళ దాకానే ఉన్నాడు.

"సంకురాత్రికి పాదాలు పోయినాయి. ఇప్పుడు మోకాళ్ళ దాకా వచ్చింది. ఎలకలు గూడా మగోళ్ళనే తింటాయా అల్లుడా?"

భానుచందర్ ఎలుకల బోను తెచ్చి పెట్టాడు. ఎలుక పడలేదు. రాజు మాత్రం అరుగుతూనే ఉన్నాడు.

మళ్ళీ జాతర వచ్చింది. బండ వేషం రోజు పొద్దున్నే అందరూ మునిరామయ్య ఇంట్లో కూడారు. భానుచందర్ భార్య నాగవేణి ముందే తండ్రికి చెప్పేసింది. "నాయనా, ఈతూరి రంగు మాటెత్తొద్దు. తల్లికి తప్పయిందని దండం పెట్టుకుని వచ్చేస్తాం."

"నాకు ఏసం కావల్ల!" అని మహిత నేలమీద కూలబడింది. మొక్కు ఎట్ల తీరేదిరా దేవుడా అని నాగరత్నమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

మునిరామయ్య లోపలికి పోయి చిన్న గిన్నె తెచ్చి మధ్యలో పెట్టాడు. దాన్నిండా చిక్కటి ఎర్రగంధం.

ఈసారి ప్రశ్న భానుచందర్ వేశాడు. "మామా, మీరు దీన్ని తింటారా?"

"తింటా. గానీ తింటే సాలదని నువ్వే గదప్పా సెప్పినావు," అంటూ మునిరామయ్య మణికట్టు గుండీ విప్పి, చొక్కా మోచేతి పైకి మడిచాడు.

చెయ్యంతా రంగుల గళ్ళు! పెయింట్ల కొట్లో చూపించే రంగుల అట్టలా ఉంది. కొన్ని వెలిసిపోయాయి. కొన్నిచోట్ల పొక్కి మానిన మచ్చలు.

"ఇది సున్నం తగ్గించి కలిపింది, అయినా కాల్సింది. ఇది నీ కొట్లో ప్యాకెట్టుది, బొబ్బలెక్కింది. ఇది బీట్రూటు, మంచిదే గానీ సెమటకు కారిపోతాది. ఇదిగో, దీన్ని సూడు." మోచేతి దగ్గర ఒక గడి నున్నగా, ఎర్రగా ఉంది. "ఎర్రసందనం. ఉత్త నీళ్ళతో అరగదీసినా. దినామూ మిద్దెమీద ఎండలో పెట్టి సూసినా. ఏమీ కాలా. నిన్న పిల్ల సెవి ఎనకాల గూడా రొంత రాసినా."

నాగవేణి గబగబా కూతురి చెవి వెనక చూసింది. చర్మం చెక్కుచెదరలేదు.

"అయితే నా రాజును తినింది నువ్వా!" అని నాగరత్నమ్మ కేకేసింది.

"నేనే. రాణి జోలికి పోలేదు గదా!"

భానుచందర్‌ ఆ చేతిని దగ్గరికి తీసుకుని చూశాడు. ఏడాదిగా వీధంతా ఎగతాళి చేసిన చొక్కా కింద, తన బిడ్డకు తగలబోయే మంటనంతా ఈయన ముందుగానే తగిలించుకున్నాడు. మనసు నిండిపోయింది. నవ్వూ వచ్చింది. గిన్నె అందుకుని మొదటి వేలు కూతురి బుగ్గకు తానే రాశాడు.

డప్పులు మోగుతుంటే మహిత వీధిలోకి దిగింది. ఎదురొచ్చినవాళ్ళను తిట్టాలి కదా, దానికి తిట్లు రావు. వచ్చినదల్లా తాత మాటే. ప్యాకెట్టు రంగు పులుముకుని గోక్కుంటున్న బుర్రమీసాల ఆయన్ను వేపాకుతో ఒక్కటి కొట్టి, "నువ్వు దీన్ని తింటావా?" అని గద్దించింది. పౌడరు దట్టించిన ఆదిలక్ష్మమ్మను అడిగింది. గంగాధరాన్ని అడిగితే, "నేనూ తింటాను తల్లీ!" అని చేతులు జోడించాడు. వీధి వీధంతా పగలబడి నవ్వింది. ఆ ఎండలోనే పిల్ల గుడి చేరింది, దండం పెట్టింది, మొక్కు తీరింది. ఇంటికొచ్చి మొహం కడిగితే బుగ్గలు నున్నగా ఉన్నాయి.

సాయంత్రానికి ఫ్యాన్సీ స్టోరు ముందు తల్లులు గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. రేపటి వేషానికి ఒళ్ళంతా నల్లగా పూసుకోవాలి, ఆ నల్లరంగు తాత చేసిందే కావాలట. భానుచందర్ ముందు వరసలో వేలాడుతున్న రంగు ప్యాకెట్లు తీసి అటక మీద పడేశాడు. మునిరామయ్య కొబ్బరిచిప్ప బొగ్గు నూరి, ఎడమచెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఎక్కడా ఖాళీ లేదు. కుడిచెయ్యి అన్నం తినేది.

భానుచందర్ తన చొక్కా చెయ్యి పైకి మడిచి మామ ముందు చాపాడు. "ఈ బస్సులో సీట్లన్నీ ఖాళీగా ఉండాయి మామా. ఎక్కించండి."

మునిరామయ్య ఆ చేతిని ఎగాదిగా చూశాడు. వేలిని బొగ్గులో ముంచి, చేతికి కాకుండా నేరుగా అల్లుడి నోటి దగ్గర పెట్టాడు.

"ముందు టికెట్టు."

భానుచందర్ నాలుక చాపాడు.