సరిహద్దులో మిరపకాయల సంచి

మిర్చి యార్డులో బస్తా చూసేటప్పుడు నేను పైకాయ ముట్టుకోను. పైన ఎర్రటి మేలుకాయ పరిచి, నడుమ రంగు పోయిన తాలుకాయ కూరడం మా వైపు పాత విద్యే. అందుకే బస్తా కోసి నడుమ చెయ్యి పెడతాను. మనుషుల దగ్గరా అంతే.

పశుపతినాథుణ్ణి చూపించమని అమ్మ అడిగితే వినుకొండ నుంచి మా కారులోనే నేపాల్ బయల్దేరాం, ఇద్దరమే. దారి పొడవునా నాకు అనుమానమే. పెట్రోలు పోసేవాడి మీద, టీ కొట్టువాడి మీద. సరిహద్దు దగ్గర ఒకాయన నవ్వుతూ వచ్చి, కారుకి పర్మిట్ చేయిస్తాను, ఆర్‌సీ ఇవ్వమన్నాడు. ఆ నవ్వు నాకు పైకాయలాగే కనిపించింది. ఆర్‌సీ జేబులోనే ఉంచుకుని, ఎండలో నేనే వరసలో నిలబడి పర్మిట్ తెచ్చుకున్నాను.

"నీ నీడను కూడా నమ్మవేందిరా," అంది అమ్మ, చెమటలు కక్కుతూ వచ్చిన నన్ను చూసి.

అవతలి కస్టమ్స్ అతను డిక్కీ తెరిపించాడు. అక్కడి కూరలు చప్పగా ఉంటాయని అమ్మ తెచ్చుకున్న ఎండుమిరపకాయల సంచి ఉంది అందులో. పైపైన రెండు కాయలు కదిపి వదిలేయబోయాడు. నాకు ఒళ్లు మండింది. తనిఖీ అంటే ఇదా?

"పైన కాదు సార్, నడుమ చూడాలి," అన్నాను, యార్డుకొచ్చే ఉత్తరాది వ్యాపారుల దగ్గర నేర్చుకున్న హిందీలో.

అతను మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. ముడేసిన గుడ్డ ఒకటి బయటికొచ్చింది. విప్పితే అమ్మ బంగారు గాజులు. బ్యాంకు లాకర్లో ఉన్నాయని ఏళ్ల తరబడి నాకు చెబుతున్న గాజులు.

దాచి తెచ్చారంటే దొంగబంగారమే, కారు ఇక్కడే ఆపేస్తానన్నాడతను. నేను జేబులోంచి పర్మిట్ తీసి అతనికి చూపించబోయాను. అమ్మ మాత్రం తొణక్కుండా దిగి, గాజులు ఒక్కొక్కటే ఎక్కించుకుని రెండు చేతులూ అతని ముందు చాపింది. కొలత తీసినట్టు సరిపోయాయి. అతను తుమ్మి, కారం చేత్తోనే కళ్లు తుడుచుకుని, అవి ఇంకా మండుతుంటే, గాజులు వేసుకునే ఉండమని చెప్పి పంపేశాడు.

కారు కదిలాక అడిగాను. "నాకైనా చెప్పలేదేమ్మా?"

"ఇంట్లో పెడితే కోడలు చూసుద్ది. చెబితే నువ్వు ఇమ్మని అడుగుతావు."

కోపమొచ్చింది. అంతకంటే ఎక్కువ బాధేసింది. దారినపోయే వాళ్లందరినీ అనుమానించిన నేను, అమ్మకు ఆ వరసలోనే ఒకణ్ణి.

ఖాట్మండు దాకా నా పక్క సీట్లోనే కూర్చుంది. కిటికీ వైపు చేతి గాజులు ఊళ్లన్నీ చూసేలా వదిలేసి, నా వైపు చేతిని కొంగుతో కప్పుకుంది.