ఈసారి బల్లి గదిలో లేదు

ముందు కుడిచేతి చూపుడువేలు పైకి లేస్తుంది. తర్వాత కళ్లు మూసుకుంటాయి. చివర ఊపిరి ఆగుతుంది.

కుతుబుద్దీన్ ఎక్కడున్నా అంతే. పెళ్లిలో, బస్సులో, డాక్టరు దగ్గర. ఏది మోగుతోందో, ఎంత మోగుతోందో తేలేదాకా వేలు దిగదు. మేడ్చల్ బస్ డిపో ఎదుటి హోటల్లో అతను వేలెత్తితే ఒక చాయ్ వచ్చేది. వద్దనడానికి ఊపిరి ఉండదు కాబట్టి తాగేసేవాడు.

అతని పని పరుపులు కుట్టడం. దుకాణం వెనక దూది గది ఉంది. మూడు గోడల వెంట పైకప్పు దాకా దూది బస్తాలు. నాలుగో వైపు, తలుపు మీద, మందపాటి బొంత. 2000లో చక్రపాణి అనే ఉద్యోగి పరుపు కోసం వచ్చాడు. కృష్ణా జిల్లా మనిషి, కౌకూర్‌లో కొత్తగా ఇల్లు కట్టుకున్నాడు. దూది చూస్తానని ఆ గదిలోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

“ఇక్కడ నా వాచీ వినపడుతోందండీ,” అన్నాడు.

“వాచీ మీదే గద సార్. దానికి నేనేం జేస్త?”

ఆ ఏడాదే ‘మెత్తన’ మొదలైంది. చప్పుడు తక్కువ చేసే కంప్యూటర్లను, వాటి ఫ్యాన్లను పరీక్షించి, ఏది ఎంత మోగుతుందో చెప్పే వెబ్‌సైట్. చక్రపాణి ఇంగ్లీషులో రాసేవాడు. కుతుబుద్దీన్ చప్పుడు మీటరుతో కొలిచేవాడు. దుకాణం ఎదురుగా పిండిగిర్ని, పక్కన వెల్డింగు షాపు, లోపల తన దూది ఏకే మిషను. అందుకని కరెంటు పోయాకే కొలిచేవాడు. వీధంతా కరెంటోళ్లను తిడుతుంటే, అతను కారు బ్యాటరీ మోసుకుని దూది గదిలోకి వెళ్లేవాడు.

ప్రతి అంకె కింద ఇంగ్లీషులో ఒక వరుస ఉండేది: కొలిచింది కుతుబుద్దీన్, మేడ్చల్. అతనికి చదవడం వచ్చిన ఇంగ్లీషు అంతే.

2006లో ఒక తప్పు జరిగింది. ఒక కంప్యూటర్ టిక్కుటిక్కుమంటోందని రాశారు. టిక్కుమన్నది దూది బస్తాల వెనక బల్లి. కుతుబుద్దీన్ సిగ్గుపడి ఆ అంకె తుడిచెయ్యమన్నాడు. చక్రపాణి ఒప్పుకోలేదు.

“తప్పు తుడవకూడదండీ. దాని పైన ఒప్పు రాయాలి. కొలిచినవాడే రాయాలి.”

మెత్తనలో రాయడానికి పాస్‌వర్డ్ అతనికీ ఇచ్చాడు; దాన్ని ఇద్దరూ తాళంచెవి అనేవారు. తప్పు అలాగే ఉంది. పైన తారీఖు వేసి, గదిలో బల్లి ఉంది అని రాశారు. మెత్తన చదివేవాళ్లకి ఆ బల్లి బాగా తెలుసు. కొందరు ఏటా దాని క్షేమం అడిగేవారు.

2012 వచ్చేసరికి చదివేవాళ్లు తగ్గారు. మెత్తన మూసెయ్యాల్సి వస్తుందేమోనని చక్రపాణి రెండుసార్లు రాశాడు. ఆగస్టులో ఫ్యాన్లు చేసే ఒక కంపెనీ దాన్ని తీసుకుని నడుపుతామంది. పన్నెండు రకాల ఫ్యాన్లు అట్టపెట్టెలో పంపింది. కుతుబుద్దీన్ మొదటిది కొలిచాడు. ఇరవై ఆరు డెసిబెల్స్.

వారం తర్వాత కంప్యూటర్లో చూసుకున్నాడు. పద్దెనిమిది. కింద తన పేరు.

చక్రపాణి దుకాణానికి వచ్చినప్పుడు అతను పరుపు అంచు కుడుతున్నాడు. సూది ఆపలేదు.

“ఇరవై ఆరు పద్దెనిమిది ఎట్లయింది సార్?”

“ఒక్క అంకె, కుతుబుద్దీన్ గారూ. దాంతో మెత్తన ఇంకో పదేళ్లు బతుకుతుంది. లేకపోతే వాళ్లు తీసుకోరు.”

“మరి మీ పేరు బెట్టుకోకపోయిన్రు. నా పేరెందుకు?”

“మీ పేరుంటేనే నమ్ముతారండీ.”

లోపల బియ్యం ఏరుతున్న అతని భార్య జహేదా ఊరుకోలేదు. “గంత మంచి ఫ్యానైతే తీస్కపోయి మీ మంచం పక్కన బెట్టుకోని పండున్రి సార్. నిద్ర మస్తు బడ్తది.”

“అమ్మా, మీరుండండి.”

“నేనుంటనే ఉన్న. ఆయన పేరే లేకుంటవాయె.”

చక్రపాణి వెళ్లిపోయాడు. మిగతా పదకొండూ త్వరగా కొలవమని మెట్టు దిగుతూ చెప్పాడు.

కుతుబుద్దీన్ అరవలేదు. అప్పటికి కోపం కూడా రాలేదు. పరుపు పూర్తిచేశాడు. ఆ రోజు అన్నం తినలేదు. పన్నెండేళ్లలో అతను కొలిచిన అంకెలు ఆరువందల చిల్లర. అవన్నీ ఇప్పుడు ఆ పద్దెనిమిది పక్కన కూర్చున్నాయి. ఎవరైనా ఒకదాన్ని అనుమానిస్తే అన్నీ పోతాయి.

గురువారం కరెంటు పోయింది. అదే ఫ్యాను మళ్లీ కొలిచాడు. మూడుసార్లు. మూడుసార్లూ ఇరవై ఆరే. చప్పుడు రికార్డు చేశాడు. ఏం రాయాలో కూతురు తూబాకి చెప్పాడు. ఆ పిల్ల ఇంగ్లీషులోకి మార్చి, పద్దెనిమిది పైన పెట్టింది.

‘ఇరవై ఆరు. పద్దెనిమిది నేను కొలవలేదు. ఈసారి బల్లి గదిలో లేదు, కౌకూర్‌లో ఉంది. కుతుబుద్దీన్, మేడ్చల్.’

మెత్తన పాత పాఠకులకు అర్థం కావడానికి ఒక పూట పట్టింది. కంపెనీకి రెండు రోజులు పట్టింది. వద్దని చెప్పేసింది.

చక్రపాణి ఫోను చేశాడు. “నన్ను బల్లిని చేశారు. పోనీండి. ఆ మాట తీసెయ్యండి, నేను వాళ్లని బతిమాలుకుంటాను.”

“తీస్త సార్. తీసిన అని గూడ పైన రాయాలె గద. రూలు మీదే.”

“పన్నెండేళ్లండీ. మీరే చంపేశారు. ఈ నెలాఖరుకి మూసేస్తున్నాను.”

“మంచిది. నెలాఖరు దాంక తాళంచెవి నా తాననే ఉండనియ్యున్రి.”

“ఎందుకు?”

కుతుబుద్దీన్ ఫోను పెట్టేశాడు.

జహేదా చాయ్ తెచ్చి పక్కన కూర్చుంది. “అజీ, సార్ పరేషాన్ అయితుండు. సాలదా? మెత్తన పోతే మీకేం మిగుల్తది?”

“పదిహేడు దినాలు,” అన్నాడు. వేళ్లు మడిచి మళ్లీ చూసుకున్నాడు. “ఫ్యాన్లు ఇంక పదకొండు ఉన్నయి.”

మర్నాడు ఉదయం తొమ్మిదికి కరెంటు పోయింది. గిర్ని ఆగింది. వెల్డింగు ఆగింది. కుతుబుద్దీన్ దూది బస్తాలు ఒక్కొక్కటే జరిపి బల్లి కోసం వెతికాడు. లేదు. అట్టపెట్టెలోంచి రెండో ఫ్యాను తీసి బ్యాటరీకి తగిలించాడు. బొంత దించి, వేలు పైకెత్తాడు.